‘వరకు’ తెచ్చిన తంటా

(పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చేది హనుమకొండలో ఉంటున్న ఒక విశ్రాంత వ్యవసాయ మార్కెట్ సూపర్‌వైజర్. పని తీరు, మాట తీరు, నాయకత్వం నేర్పే పుస్తకాల గురించే ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి.)

ప్రశ్న: జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. పని నైపుణ్యం పెంచే పుస్తకాలు రెండేళ్లలో పద్దెనిమిది చదివాను. చదువుతున్నంతసేపు ఎక్కడలేని హుషారు వస్తుంది. తెల్లవారి మిల్లుకు వెళితే మళ్లీ పాత పాటే. లోపం నాదా, పుస్తకాలదా? – ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: పుస్తకాల లోపం ముందు చెబుతాను, నాకు అదే సులువు. వీటిలో చాలావాటికి ఇరవై పేజీల గింజ, రెండు వందల పేజీల తాలు. తూర్పారబట్టుకోవలసిందే. ఇక మీ సంగతి. పద్దెనిమిదిలో ఒక్కదాన్నయినా నెల రోజులు పనిలో పెట్టి చూశారా? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ ఊసే లేదు.

నా మట్టుకు నాకు అక్కరకొచ్చింది ఆపరేషన్ థియేటర్ల కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాలతో ఒక జాబితా తయారుచేసి, ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించింది. వాటిలో ఒకటి ఢిల్లీలోది. రోగి ఇతనేనా, కోయవలసింది ఏ వైపు, గదిలో ఉన్నవాళ్లు ఒకరికొకరు పేర్లు చెప్పుకున్నారా అని పైకి చదివి సరిచూసుకోవడమే పని. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి: మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి దిగాయి. అక్కడితో ఆపితే నేనూ ఆ పుస్తకాల వాళ్లలాగే మాట్లాడినట్టు అవుతుంది. కెనడాలోని అంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదని 2014లో మరో అధ్యయనం వచ్చింది. పైవాళ్లు అడిగారని టిక్కులు కొట్టి ఫైల్లో పెట్టేస్తే అంతే మరి అని నా అనుమానం.

నేను ఆరు వరుసల అట్ట ఒకటి రాసి కాంటా పక్కన వేలాడదీశాను. మొదటి వరుస తేమ మీటరు. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే కొనుగోలు కేంద్రం తీసుకోదు. మీటరు కాస్త ఎక్కువ చూపినా రైతు జేబుకు చిల్లే. రెండోది, ఖాళీ కాంటా సున్నా చూపుతోందా. మిగతావి టార్పాలిన్లు, రసీదు పుస్తకాలు, తాగునీళ్లు, లైట్లు. దాన్ని రోజూ పైకి చదివే పని నాది కాదు, తూకం వేసే దడ్వాయిది. సరిగ్గా లేదంటే బీటం, అంటే వేలం, ఆపే అధికారం కూడా అతనికే ఇచ్చాను. మొదటి వారం అందరూ నవ్వారు. మీ మిల్లుకు మీ ఆరు వరుసలు వేరుగా ఉంటాయి. పంతొమ్మిదో పుస్తకం అవి రాసిన తర్వాత కొనండి.

ప్రశ్న: మా సెక్షన్‌లో పదిమంది ఉన్నారు. నేను స్పష్టంగానే చెబుతాను, వాళ్లు ఇంకొకటి చేసుకొస్తారు. చక్కగా మాట్లాడడం నేర్పే పుస్తకం ఒకటి చెప్పండి. – ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: “స్పష్టంగానే చెబుతాను” అని నేనూ ఇరవై ఏళ్లు అనుకున్నానమ్మా. ఆ నమ్మకం ఒక్క పండుగ సెలవుతో పోయింది.

నేను పనిచేసిన యార్డుల్లో ఒకదాంట్లో, మిర్చి సీజన్‌లో మైకు పట్టుకుని “సోమవారం వరకు మార్కెట్‌కు సెలవు” అని ముమ్మారు చెప్పాను. గొంతు బాగుంది, మైకు బాగుంది, భాష బాగుంది. ఆదివారం రాత్రికల్లా పదకొండు ట్రాక్టర్లు గేటు ముందు నిలబడ్డాయి. నా లెక్కలో సోమవారం కూడా సెలవే. వాళ్ల లెక్కలో సెలవు ఆదివారంతో సరి, సోమవారం పొద్దున జెండా పాట, అంటే వేలం. ‘వరకు’ అనే మాటకు రెండర్థాలూ చెల్లుతాయని నాకప్పుడు తట్టలేదు. హమాలీలు లేరు, అడ్తి (కమీషన్ వ్యాపారుల) దుకాణాలు మూసి ఉన్నాయి. ఒక పెద్దాయన బస్తాల మీద కూర్చుని “తప్పు మాదే సారూ, మీ మనసులో ఏముందో అడగకుండా వచ్చినం” అన్నాడు. తిట్టినా బాగుండేది. మంగళవారం దాకా ఆ పదకొండు బండ్లకు కాపలా, భోజనం నా జేబులోంచే.

ఆ తర్వాత కొన్నేళ్లకు విమాన ప్రమాదాల గురించి చదువుతుంటే నా తప్పుకు పెద్దన్న కనిపించాడు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫ్ విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. ఒక విమానం నుంచి ‘టేకాఫ్ దగ్గర ఉన్నాం’ అన్నట్టుగా మాట వచ్చింది. పైకి లేవడానికి సిద్ధంగా నిలబడ్డారని టవర్‌లో ఉన్నాయన అనుకున్నాడు. వాళ్లేమో అప్పటికే పరుగు మొదలుపెట్టారు. రన్‌వే మీద మరో విమానం ఉంది. రెండూ ఢీకొని 583 మంది పోయారు. విమానయాన చరిత్రలో ఇప్పటికీ అంత పెద్ద ప్రమాదం మరొకటి లేదు. కారణాలు చాలానే ఉన్నాయి, రెండర్థాల మాట వాటిలో ఒకటి. ఆ తర్వాత నిబంధనలు బిగించారు. అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ అనే మాట వాడకూడదన్నారు. విన్న ఆదేశాన్ని పైలట్ తిరిగి పలకాలి, టవర్‌లోని వాళ్లు విని సరిచూడాలి.

నేను ఆ రెండూ తెచ్చుకున్నాను. ‘వరకు’, ‘లోపు’, ‘తొందరగా’, ‘కొంచెం’ మానేశాను. “మంగళవారం పొద్దున ఎనిమిదింటికి గేటు తీస్తాం” అనడం మొదలుపెట్టాను. రెండోది, చెప్పిన తర్వాత “అర్థమైందా?” అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు మన దగ్గర ఒకటే జవాబు, తల ఊపడం. “ముందు ఏం చేస్తావు, చెప్పు” అని అడుగుతాను. ఈ మాట పోలీసు గొంతుతో అడిగితే పని చెడుతుంది. “నేనేమైనా మరిచిపోయానేమో, ఒకసారి నువ్వు చెప్పు” అంటే వాళ్లకూ చిన్నతనం ఉండదు. రేపు పదిమందిలో ఒకరిని ఇలా అడిగి చూడండి. మీరు చెప్పని సంగతులు కూడా మీరు చెప్పినట్టే వినిపిస్తాయి!

పుస్తకం పేరు అడిగారు. ముందు మీ సెక్షన్‌లో మీరు పంపిన మెసేజీలే పాతిక తీసి చదవండి.

ప్రశ్న: మహిళా పొదుపు సంఘాల గ్రామ సంఘానికి నన్ను అధ్యక్షురాలిని చేశారు. సభ్యుల్లో సగం మంది నాకు అత్త వరస. నాయకత్వం పుస్తకాల్లో అందరూ కంపెనీల యజమానులే, జీతాలు ఆపగలిగినవాళ్లే. నా చేతిలో ఏముంది? – ఒక సోదరి, స్టేషన్ ఘన్‌పూర్

జవాబు: చాలా మంచి ప్రశ్న తల్లీ. ఆ పుస్తకాలు రాసేవాళ్లు దీన్ని తప్పించుకుంటారు. గెలిచినవాడు వెనక్కి తిరిగి చూసుకుని చెప్పే కథలో అదృష్టానికి చోటు ఉండదు కదా.

అధికారంతో పని లేని ఉదాహరణ ఒకటి చెబుతాను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు బాధ్యుడు అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు వెళ్లి వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది మాత్రం ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్. 1980 జులై 18న ప్రయోగం గెలిచింది. అప్పుడు విలేకరులతో మాట్లాడే పని కలాంకు అప్పగించారు. కలాం ఈ కథను జీవితాంతం చెప్పుకున్నారు.

మీ సంఘంలో విలేకరులు ఉండరు, బ్యాంకు మేనేజరు ఉంటారు. వాయిదా ఆలస్యమైన నెల ఆయన ముందు మీరు మాట్లాడండి, ఎవరి పేరూ ఎత్తకండి. అంతా సవ్యంగా కట్టిన నెల ఆ అత్తల్లో ఒకరిని ముందు కూర్చోబెట్టి లెక్కల పుస్తకం ఆమె చేతే చూపించండి. అయితే ఒకటి, నింద మోయడం అంటే లెక్క దాచడం కాదు. ఎవరు ఎంత బాకీయో సంఘం సమావేశంలో పైకి చదవవలసిందే, అత్త అయినా సరే.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. గీతలు గీసి మూడుసార్లు చదివినా వారానికి ఏమీ మిగలదు. – ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: మూడోసారి చదవకు, పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నది రాయి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 42 శాతం, పుస్తకం మూసి రాసుకున్నవాళ్లకు 56 శాతం. నీ పరీక్ష అయిదు నిమిషాల్లో లేదు కదా.

ప్రశ్న: ఉద్యోగం నుంచి దిగిపోయాను. ఇవన్నీ కొనే స్తోమత లేదు. ఎక్కడ చదవమంటారు? – మరో విశ్రాంత ఉద్యోగి, కాజీపేట

జవాబు: హనుమకొండకు బస్సు ఎక్కండి. 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం మనకు ఉంది. నిజాం కాలంలో తెలుగు చదువుకోవడానికి చోటు వెతుక్కున్నవాళ్లు కట్టుకున్నది. కళ్లజోడు మరిచిపోకండి. పెన్సిల్ మాత్రం ఇంట్లోనే వదిలి రండి, అక్కడి పుస్తకాల్లో నాకంటే ముందు ఎవరో గీసిన గీతలు చూసి ఇప్పటికే విసిగిపోయి ఉన్నాను.