మీ అమ్మాయి ఎందుకు ఏడవడం లేదు?

"నాకు 38 ఏళ్ళు. గుంటూరులో ఉద్యోగం. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుని ఏడాది దాటింది. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. పిల్లలతో మా అమ్మావాళ్ళింట్లోనే ఉంటున్నాను. రెండు వారాలకోసారి ఆదివారం పిల్లలు విజయవాడలో వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళొస్తారు. వచ్చిన రాత్రి బాబు అన్నం తినడు, నాన్న దగ్గరికి పోతానని పేచీ పెడతాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టాడు. పాప మాత్రం బంగారం. ఒక్కసారి కూడా ఏడవలేదు. అక్కడికి ఎవరొచ్చారో, ఏం మాట్లాడుకున్నారో అన్నీ వచ్చి చెబుతుంది. రాత్రిళ్ళు నేను బాధపడుతుంటే నన్నే ఓదారుస్తుంది. వేసవి సెలవుల్లో దాని ఓణీల ఫంక్షన్ చేద్దామనుకుంటున్నాం. మీ నాన్నను పిలవాలా అని అడిగితే వద్దమ్మా అంది. బాబును హాస్టల్లో వేస్తే దారిలో పడతాడని అందరూ అంటున్నారు. వేయమంటారా? లేక ఆయన దగ్గరికి పంపడం ఆపేయమంటారా?"

హాస్టల్ వద్దు. పంపడం ఆపొద్దు. నాన్న ఒక ఇంట్లో, అమ్మ ఒక ఇంట్లో అయిపోయారని ఇప్పుడిప్పుడే అర్థమవుతున్న పిల్లాణ్ణి మూడో చోట పడేస్తే, అల్లరి చేశాను కాబట్టి నన్నూ వదిలించుకున్నారు అనుకుంటాడు. ఇక పంపడం సంగతి. పిల్లలకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా, సాంగత్యమూ కావాలనీ, అది వాళ్ళ హక్కనీ 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆయన పిల్లల్ని కొడుతున్నాడనో, తాగి ఉంటున్నాడనో మీరు రాయలేదు. అలాంటిదేమైనా ఉంటే కోర్టుకు వెళ్ళి ఏర్పాటు మార్పించుకోవచ్చు. వాడు తిరిగొచ్చి ఏడుస్తున్నాడన్నది మాత్రం కారణం కాదు. నాన్న మీద బెంగ ఉన్న పిల్లాడు ఏడవక ఏం చేస్తాడు?

పక్క తడపడం గురించి ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, షుగర్ లాంటివి లేవని తేలితే, ఇంట్లో మార్పుల వల్ల వచ్చిన టెన్షనే అయి ఉండొచ్చు. తిట్టకుండా, నలుగురి ముందు ఆ మాట ఎత్తకుండా ఉంటే చాలామంది పిల్లల్లో మెల్లగా తగ్గిపోతుంది. ఇంకొకటి. వాడు మొండికేసినప్పుడల్లా "అచ్చం ఆ తండ్రి పోలికే" అనే మాట మీ ఇంట్లో వినిపిస్తోందా? మీరు రాయలేదు గానీ, మన ఇళ్ళల్లో ఇలాంటప్పుడు ఆ మాట రాకుండా ఉండదు. వినిపిస్తుంటే మీ అమ్మగారికి గట్టిగానే చెప్పి ఆపించండి.

ఇంతకు మించి మీ బాబు గురించి నాకు బెంగ లేదు. బాధ ఉంది, బయటపెడుతున్నాడు. నాకు భయమేస్తున్నది మీ పాప గురించి.

పదమూడేళ్ళ పిల్ల. తండ్రికి దూరమైనా ఒక్కసారి కూడా ఏడవలేదంటే మీరు మురిసిపోతున్నారు. ఆ పిల్లకు ఏడవడానికి మీరు చోటెక్కడ ఉంచారమ్మా? ఇంట్లో ఏడిచే స్థానం మీరు తీసుకున్నారు, ఓదార్చే స్థానం దానికి ఇచ్చారు. అది ఏడిస్తే మీరు ఇంకా కుంగిపోతారని దానికి బాగా తెలుసు. మీకు అక్కో, స్నేహితురాలో చేయాల్సిన పని మీ కూతురు చేస్తోంది.

ఆదివారం రాత్రి కబుర్లు మరీ ఘోరం. అక్కడికి ఎవరొచ్చారు, ఏం వండారు, ఎవరితో ఫోన్లో మాట్లాడాడు అని మీరు అడగబట్టే కదా అది అన్నీ గుర్తుపెట్టుకుని వస్తోంది! ఆ పూటంతా నాన్నతో సరదాగా ఉండాల్సిన పిల్ల మీ కోసం కాపలా కాస్తోంది. పొరపాటున అక్కడ సంతోషంగా గడిపిందే అనుకోండి, ఆ సంగతి మీకు చెప్పగలదా? ఈ ఆదివారం నుంచి "అన్నం తిన్నారా, హోంవర్క్ అయిందా" అన్న రెండు ప్రశ్నలే అడగండి. ఫీజు డబ్బుల కబురు కూడా పిల్లల చేత పంపుతుంటే ఆపేయండి. మీరే మెసేజ్ పెట్టండి. ఇవ్వకపోతే లాయరు చేత అడిగించండి. తండ్రి తన పిల్లలకు ఇవ్వాల్సింది అడగడంలో మీకు చిన్నతనం ఏమీ లేదు. దాన్ని పిల్ల నోట అడిగించడంలోనే ఉంది.

ఇక ఆ ఫంక్షన్. "పిలవాలా?" అని మీరు అడిగినప్పుడు అది మీ ముఖం చూసి "వద్దమ్మా" అంది. దాని ఇష్టం అది కాకపోవచ్చు. ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిశీలించవచ్చని పిల్లల సంరక్షణ గురించిన 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది, కానీ నిర్ణయం మాత్రం జడ్జిదే. పెద్దవాళ్ళు తేల్చుకోవాల్సినదాన్ని మీరు ఎనిమిదో తరగతి పిల్ల నెత్తిన పెట్టారు. రేపు పెళ్ళప్పుడు కూడా ఇలాగే అడుగుతారా?

విడాకులు తీసుకున్నందుకు మిమ్మల్ని నేను ఒక్క మాట అనను. గౌరవం లేని చోట పిల్లల కోసం పడి ఉండమనే సలహా నేను ఎవరికీ ఇవ్వను. కానీ మీ ఇద్దరికీ కుదరలేదు కాబట్టి పిల్లలకు కూడా తండ్రి లేకుండా పోవాలనుకోవడం ఆత్మగౌరవం కిందికి రాదు.

మీ దుఃఖం చిన్నదని నేననడం లేదు. దాన్ని పెద్దవాళ్ళకు చెప్పుకోండి. ఎవరూ లేరనిపిస్తే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పాపను మాత్రం ఒకరోజు విడిగా కూర్చోబెట్టుకుని, "నా సంగతి నేను చూసుకుంటాను, నువ్వు నాన్నను ఇష్టపడితే నాకు కోపం రాదు" అని చెప్పండి. మొదటిసారి నమ్మదు. ఆదివారాలు మీ ముఖం చూసి మెల్లగా నమ్ముతుంది. అప్పుడు ఏడవవచ్చు, మీ మీద అరవవచ్చు కూడా. కంగారుపడి నోరు మూయించకండి.

ఓణీల వేడుకకు వాళ్ళ నాన్నను పిలవండి. ఫోన్ మీరే చేయండి. పీటల మీద ఎవరు కూర్చోవాలి, అక్షింతలు ఎవరు ముందు వేయాలి అన్న పేచీలు రాకుండా మీ అన్నదమ్ముల్లో ఒకరికి ముందే అప్పగించండి. దీనికి మీ అమ్మగారు అలిగితే అలగనివ్వండి.