మురుగు కాలువ నుంచి మొదలుపెట్టు

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

"ఈ ఊరు ఇక బాగుపడదు మావయ్యా" అన్నావు ఫోన్లో. సార్వా (వానాకాలం వరి) ఊడ్పులు అవగానే నాలుగు వానలకే చేను మునిగిపోతే ఎవరి నోటైనా ఆ మాటే వస్తుంది. అందుకే అప్పుడు నేనేమీ అనలేదు. పంట పోయిన మనిషి దగ్గరికెళ్లి "పాజిటివ్‌గా ఆలోచించు" అనడం నాకు నచ్చదు. నువ్వూ ఎవరికీ అలా చెప్పకు. ముందు పక్కన కూర్చుని వినాలి. ఇప్పుడు కాస్త తేరుకున్నావు కాబట్టి రాస్తున్నాను.

మంచి ఆలోచన అని నేను దేన్ని అంటానంటే, చెడిపోయినదాన్ని చూసి అందులో మన చెయ్యి ఎంతవరకు అందుతుందో వెతుక్కోవడాన్ని. "ఊరు బాగుపడదు" అనుకుంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. "మన చేల నీళ్లు దిగే డ్రెయిన్‌లో వంతెన దగ్గర్నుంచి దిగువ తూము దాకా గుర్రపుడెక్క, అదే నీళ్ల మీద తేలే ఆ కలుపు, పేరుకుపోయింది" అనుకుంటే చెయ్యొచ్చు. గట్టు వెంట నడిచి ఎంత దూరమో కొలువు. ఎక్కడ పూడింది, ఎక్కడ గట్టు జారింది, ఎవరి చేలో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయి, అన్నీ ఒక నోటుబుక్కులో రాయి. ఫొటోలు తీసి పెట్టు. రాస్తుంటేనే సగం టెన్షన్ తగ్గుతుంది. మనసులో ఉన్నంతసేపూ కొండంత కనిపించే కష్టం, కాగితం మీదకి వచ్చేసరికి చేయాల్సిన పనిలా కనిపిస్తుంది.

ఇక పని సంగతి. వేసవిలో కాలువలు కట్టేశాక, జూన్లో మళ్లీ నీళ్లు వదిలేలోపే డెక్క తీయడం అయిపోవాలి. దిగువ నుంచి మొదలుపెట్టి పైకి రండి. కింద దారి తెరుచుకుంటేనే నీళ్లు లాగుతాయి. ఎగువన మాత్రమే తీస్తే కింద అడ్డం అలాగే ఉండిపోతుంది. తీసిన డెక్కని గట్టు అంచున కుప్పెయ్యొద్దు, మొదటి వానకే తిరిగి కాలువలో పడుతుంది. దూరంగా వేసి, పేడ కలిపి మగ్గబెడితే చేలకి ఎరువవుతుంది. ఇంకో మాట, దీని గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఒకసారి తీస్తే అయిపోయిందనుకున్నవాళ్లే మరుసటేడు "చూశావా, ఏమీ మారలేదు" అని నీరుగారిపోతారు. ప్రతి వేసవీ చెయ్యాల్సిన పని అని మొదటి రోజే అందరికీ చెప్పు.

మనుషుల్ని కూడగట్టడం ఇంతకంటే కష్టం. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. అది ఉపన్యాసాలతోనే అయిన పని అనుకోకు. వెంట నిలిచిన విద్యార్థులున్నారు, డబ్బు సాయం చేసిన కాకినాడ పైడా రామకృష్ణయ్య గారున్నారు. వెలివేస్తామన్నవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉన్నా, కలిసొచ్చే ఆ కొద్దిమందితోనే ఆయన పని నడిపించారు. నువ్వూ ఎదురు మాట్లాడేవాళ్లతో వాదనకి దిగకు. నీతోపాటు గట్టు మీదకి వచ్చే నలుగురిని చూసుకో. పొలాలున్నవాళ్లు సగం మంది హైదరాబాదులో ఉన్నారు కదా, వాళ్లని డెక్క తీసే మిషన్ ఖర్చు అడుగు. కౌలు రైతు దగ్గర మాత్రం డబ్బు అడగొద్దు. మునిగినప్పుడు నష్టపోయేది అతనే.

డ్రెయిన్లు చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకెళ్లు. "పట్టించుకోవడం లేదు" అనకు, "ఫలానా చోట ఇంత మేర పూడిక ఉంది, డెక్క మేం తీస్తాం, పూడిక మీరు తీయించండి" అను. 2011లో మన కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించినప్పుడు, ఆ కోపం వెనక గిట్టుబాటు ధర, ముంపు లాంటి స్పష్టమైన కారణాలున్నాయి. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందాతో కమిటీ వేసి వాటిని వినాల్సి వచ్చింది. అడిగినవన్నీ తీరలేదు, నిజమే. కానీ ఏం కావాలో చెప్పగలిగిన కోపాన్ని పక్కకి నెట్టడం కష్టం.

నీ గురించి కూడా ఒక మాట. రాత్రి పడుకునేముందు ఊరి వాట్సాప్ గ్రూపు చూడటం మానెయ్. అందులో ఉన్న తిట్లన్నీ నెత్తిన పెట్టుకుని పడుకుంటే తెల్లారి లేవబుద్ధి కాదు. బదులు రేపు ఎవర్ని కలవాలో ఒక పేరు రాసుకో. కలిశాక ఆ పేరు మీద గీత కొట్టెయ్. ఆయన రానంటే ఇంకో పేరు.

సంక్రాంతికి వస్తున్నాను. అప్పటికి ఆ నోటుబుక్కు సిద్ధంగా ఉంచు, ఇద్దరం కలిసి గట్టు వెంట నడిచి చూద్దాం. లాకుల దగ్గర పాత లస్కర్ (కాలువ నీళ్లు చూసుకునే ఉద్యోగి) ఒకాయన ఉన్నాడు, ఏ తూము ఎటు దిగుతుందో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆయన్ని ముందే కలిసి, మనతో రమ్మని అడుగు. అక్కనీ బావగారినీ అడిగానని చెప్పు.

ప్రేమతో,
మావయ్య