లాడ్జి చొక్కాలపై చిహ్నం, పేరు

ప్రశ్న: మా ఫ్రీమేసన్ లాడ్జి (ఫ్రీమేసన్ల సోదర సంఘపు స్థానిక శాఖ) సభ్యులు 42 మందికి కాలరు టీషర్టులు చేయించదలచాము. ఎడమ ఎదపై మూలమట్టం, వృత్తలేఖిని ఉన్న చిహ్నం, కుడివైపు ఎవరి పేరు వారికి తెలుగులో, వీపున లాడ్జి పేరు కుట్టించాలని కోరిక. నమూనాకు ఒకటి కుట్టిస్తే చిహ్నం చుట్టూ గుడ్డ ముడతలు పడింది, పేరులోని ఒత్తులు ముద్దయిపోయాయి. ఏమి చెప్పి చేయించుకోవాలో తెలుపగలరు.
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: టీషర్టుది సాగే గుడ్డ కనుక, కుట్టు అడుగున చింపి తీసేసే పలుచని కాగితం వేస్తే సాధారణంగా ఇలాగే అవుతుంది. చిహ్నం చుట్టూ కత్తిరించి, మిగిలినది చొక్కా లోపలే ఉండిపోయే మందపాటి రకం వేయమనండి. ఫ్రేములో గుడ్డను లాగి బిగించవద్దని కూడా చెప్పండి. అలా బిగించిన గుడ్డ ఫ్రేము విప్పగానే వెనక్కి ముడుచుకుంటుంది, కుట్టు మాత్రం కదలదు.

ఇంగ్లీషు పెద్ద అక్షరాలు 6 మిల్లీమీటర్ల ఎత్తులోనూ చక్కగా వస్తాయి. అదే ఎత్తులో ‘కృష్ణమూర్తి’ అని కుట్టమంటే పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు అంతా ఆ కాస్త చోటులోనే ఇరుక్కుని, ‘ష’ కింది ణ-ఒత్తు దారపు ఉండలా మిగులుతుంది. ఒత్తుతో కలిపి 12 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. పేర్లకు మామూలు 40 నంబరు దారం బదులు సన్నని 60 నంబరుది, దానికి తగిన సన్న సూదితో వాడమనండి.

చిహ్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మాస్టర్ మేసన్ (మూడో మెట్టు సభ్యుడు) చిహ్నంలో వృత్తలేఖిని కాళ్లు రెండూ మూలమట్టం మీదికి వస్తాయని మీకు తెలుసు, డిజైను ఫైలు తయారుచేసే కుర్రవాడికి తెలియదు. యంత్రం చివర కుట్టినదే పైన కనిపిస్తుంది కనుక, అతను రంగుదారం మార్చే పని కలిసివస్తుందని వరుస తారుమారు చేస్తే, మీ పెద్దలందరూ చొక్కా మీద తొలి మెట్టుకు దిగిపోతారు! ఇంటర్నెట్టులో దొరికే బొమ్మల్లో నడుమ ‘జి’ అక్షరం ఉండేది ఎక్కువగా అమెరికా పద్ధతి. మీ లాడ్జి వాడే చిహ్నంలో అది ఉందో లేదో కార్యదర్శిని అడిగి తేల్చుకోండి.

వీపు సంగతికి వస్తే, 1872 నుంచి గోషామహల్ బారాదరిలో ఫ్రీమేసన్లు కూడుతున్న నగరంలో కూడా, తెలుగులో పెద్దగా ‘లాడ్జి’ అని కనబడితే గదులు అద్దెకిచ్చే చోటి సిబ్బంది అనుకునేవారే ఎక్కువ. అక్కడ కుట్టు మానేయడమే నాకు మేలనిపిస్తుంది.

చాలా తలల యంత్రం ఒకే డిజైనును అన్ని చొక్కాలపై ఒకేసారి కుడుతుంది కనుక చిహ్నాలు దానిపై చవకగా అయిపోతాయి; పేర్లు మాత్రం ఒంటితల యంత్రంపై ఒక్కొక్కటిగా కుట్టవలసినవే, అందుచేత వాటికి వేరే ధర అడగడం సబబే. పేరు, సైజు ఒకే వరుసలో ఉండేలా జాబితా రాసి, ప్రతి సభ్యుడిచేత తన పేరు ఎదుట సంతకం పెట్టించాకే ఇవ్వండి. తప్పు పడిన పేరును విప్పితే సూది రంధ్రాలు గుడ్డ మీద ఉండిపోతాయి. కొత్త నమూనాను రెండుసార్లు ఉతికి చూసిన తరువాతే మిగతా 41కి బయానా చెల్లించండి.