నాలుగో గేరులో పికప్: కిట్టుకి పిన్ని ఉత్తరం

చిరంజీవి కిట్టుకి,

పిన్ని దీవెనలు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ శిష్యుడు పరీక్షలు పెట్టుకుని కార్ల పికప్ మీద పరిశోధన మొదలెట్టాడే" అంది. సంగతేమిటని అడిగితే, గ్రాన్ టురిస్మో 7 అనే కార్ల వీడియో గేమ్‌లో ట్యూన్ చేసిన కార్లను ఒక్కొక్కటే తీసుకుని, గేరు మార్చకుండా గంటకి 80 కిలోమీటర్ల వేగం నుంచి 120కి, 100 నుంచి 200కి ఎంతసేపట్లో వెళ్తాయో కొలిచి వీడియోలు పెడతావట. అక్కకి అదో జబ్బులా వినిపించింది. నేను మాత్రం పొయ్యి మీద వంకాయ కూర మాడిపోతున్నా పట్టించుకోలేదు. సున్నా నుంచి వంద అందరూ కొలుస్తారు రా. అందులో సగం టైర్ల పట్టు, సగం నడిపేవాడి చెయ్యి. ఉన్న గేరులోనే కారు ఎంత లాగుతుందో చూడాలన్న బుద్ధి నీకు ఎవరూ చెప్పకుండా పుట్టిందంటే, అది ఎవరి పోలికో నాకు తెలుసు. మీ అమ్మ ఒప్పుకోదు, వదిలెయ్.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. "ఆటలో అంకెలు నిజమేనా అని నాన్న కారు తీసుకెళ్లి ఔటర్ రింగ్ రోడ్డు మీద చూసొస్తా" అన్నావట. ఒరేయ్, నీకేమైనా బుద్ధుందా? అక్కడ 120 దాకా వెళ్లొచ్చు కదా అని వాదించకు. నా భయం స్పీడ్ లిమిట్ గురించి కాదు, నీ కళ్ల గురించి. పికప్ కొలిచేవాడి కళ్లు ముల్లు మీదే ఉంటాయి. 100లో ఉన్న కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. నువ్వు అంకె చదివి తలెత్తేసరికి ముందున్న లారీ బ్రేకు లైట్లు వెలిగి ఎంతసేపైందో నీకు తెలియదు. ఇందోర్ దగ్గర పీతంపూర్‌లో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ కట్టింది ఇలాంటి పనుల కోసమే. నేను ఉద్యోగం చేసిన ట్రాక్‌లో గేటు మూసి, చేతిలో వైర్‌లెస్ పెట్టి, పక్కన అంబులెన్స్ నిలబెట్టి కారు వదిలేవాళ్లు. అయినా ఒకరోజు ఎక్కణ్నుంచో కుక్క అడ్డొచ్చింది. మా డ్రైవర్ ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. నువ్వు సోఫాలో కూర్చుని ఎన్ని కార్లు గుద్దినా నాకు ఫర్వాలేదు. తాళాలు అక్క దగ్గరే ఉండాలని చెప్పాను.

సరే, ఇక పని. గేర్‌బాక్స్ మాన్యువల్‌లో పెట్టు, ఆటోమేటిక్ అయితే నువ్వు తొక్కగానే కింది గేరుకి దిగిపోతుంది. రెండు కార్లకూ ఒకే రకం టైర్లు. చక్రాలు జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ రెండింటికీ ఒకేలా. కాసేపు బలం పెంచే నైట్రో జోలికి పోకు. ట్రాక్ మీద వేరే కార్లు వద్దు, ముందున్న కారు వెనకాల నువ్వు పడితే నీకు ఎదురుగాలి తగ్గి నీ లెక్క పాడవుతుంది. స్పెషల్ స్టేజ్ రూట్ ఎక్స్ ఉంది కదా, దాదాపు 30 కిలోమీటర్ల ఊహా ట్రాక్, తిన్నగా ఉంటుంది, అది చాలు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తట్టనిది ఆయిల్. ఆ ఆటలో కారు తిరిగేకొద్దీ ఆయిల్ పాతబడి పవర్ తగ్గుతుంది, ఇంజన్ కూడా అరుగుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారునీ, షోరూమ్ నుంచి నిన్న తెచ్చిన కారునీ పక్కపక్కన పెట్టి "ఇది గొప్ప, అది చెత్త" అన్నావనుకో, నువ్వు కొలిచింది కార్లను కాదు, వాటి వయసును. రెండింటికీ ఆయిల్ మార్చి, అరిగినదానికి ఓవర్‌హాల్ చేయించి, అప్పుడు మొదలెట్టు. పీపీ, అంటే కారు సామర్థ్యానికి ఆట ఇచ్చే మార్కులు, సమానంగా ఉంటే కార్లు సమానమనీ అనుకోకు. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలి ఎక్కించే పంపు, ఆర్‌పీఎం అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు. తక్కువ ఆర్‌పీఎం టర్బో ఒకదానికి, ఎక్కువ ఆర్‌పీఎం టర్బో ఇంకోదానికి బిగించి పీపీ సరిగ్గా సరిపెట్టొచ్చు. మొదటిది 80 దగ్గరే లాగుతుంది. రెండోది 80 దగ్గర ఆవలిస్తూ ఉండి, 140 దాటాక ఒక్కసారి వీపు మీద చరుస్తుంది. అందుకే 80 నుంచి 200కి ఒకే అంకె ఇవ్వకుండా ఇరవై ఇరవైగా విడగొట్టి రాయి. కారు గుణం ఆ ముక్కల్లో కనిపిస్తుంది.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

2001 ఎండాకాలం. మీ అమ్మకి కొత్తగా పెళ్లయింది. మీ నాన్న కొత్త అల్లుడిగా కాకినాడ వచ్చి, చెన్నై బర్మా బజార్‌లో కొన్న ప్లేస్టేషన్ సూట్‌కేసులోంచి తీశారు. చీర తీస్తారనుకున్న మా అమ్మ ముఖం చూడాలి! గ్రాన్ టురిస్మో 2, రెండు డిస్కులు. పగలంతా ముంజలు, రాత్రంతా ఆట. కరెంటు పోతే విసనకర్రతో విసురుకుంటూ గేరు నిష్పత్తుల గురించి మాట్లాడుకునేవాళ్లం. నేను అప్పుడు మెకానికల్ మూడో సంవత్సరం. ఇంట్లో నాకంటే కార్ల గురించి తెలిసినవాళ్లు లేరని నా నమ్మకం. పాపం, మీ నాన్నకీ అదే నమ్మకం.

ఆయన దగ్గర ఓ టొయోటా సుప్రా ఉండేది. పాత కార్ల దుకాణంలో కొన్నారు. చిన్న రేసులు గెలిచి, వచ్చిన ప్రతి క్రెడిట్ దానికే పెట్టారు. మఫ్లర్, ఇంటర్‌కూలర్, చివరికి అన్నిటికంటే పెద్ద టర్బో. నాకేమో నిస్సాన్ స్కైలైన్. ఏది గొప్పదని రోజూ గొడవ. కొలిచేద్దాం రండి బావా అన్నాను. టెస్ట్ ట్రాక్ మీద, నాలుగో గేరులో, 100 నుంచి 200. నా చేతికున్న డిజిటల్ వాచీలో స్టాప్‌వాచ్. లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు కొట్టి, తేదీ వేసి రాశాను. స్కైలైన్ 9.8 సెకన్లు, సుప్రా 13.6. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అంతే.

ఆయన నోట్‌బుక్ వంక కాసేపు చూసి, "అయితే అమ్మేయమంటావా?" అన్నారు. "అమ్మేయండి బావా, ఈ ఇంజనే దండగ" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది. ఆయన అమ్మేశారు. పెట్టినదాంట్లో ఏ మూలకీ రాలేదు. ఆ మర్నాడు ఆట పెట్టలేదు. తలనొప్పి అన్నారు.

ఆరేళ్ల తర్వాత ఉద్యోగంలో నా మొదటి టెస్ట్ రిపోర్టు మా సీనియర్ బల్ల మీద పెట్టాను. ఆయన రెండో పేజీ కూడా తిప్పలేదు. "గేరు నంబరు రాశావు. నిష్పత్తి ఎక్కడ? ఫైనల్ డ్రైవ్ ఎక్కడ?" అని కాగితం వెనక్కి నెట్టారు. నిష్పత్తి అంటే బయటికొచ్చే ఒక్క చుట్టుకి లోపల ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె. ఫైనల్ డ్రైవ్ అంటే గేర్‌బాక్స్ తర్వాత, చక్రాలకి ముందుండే ఆఖరి గేరు. అంతే, నాకు కాకినాడ గుర్తొచ్చింది. సీటుకి పోయి లెక్క వేశాను. నేనూ మీ నాన్నా ఇద్దరం నిష్పత్తులు మనమే మార్చుకునే ఫుల్ కస్టమ్ గేర్‌బాక్స్ బిగించాం, ఇద్దరి నాలుగో గేరూ 1.000 దగ్గరే పెట్టుకున్నాం. కానీ నా ఫైనల్ 4.1. మీ నాన్నది 2.9, ఎందుకంటే ఆయనకి టాప్ స్పీడ్ పిచ్చి. 4.1ని 2.9తో భాగించి చూడు. ఇంజన్ అంతే బలంతో తిప్పినా నా చక్రాలకి 41 శాతం ఎక్కువ చేరుతోంది. అది చాలదన్నట్టు, 100 దగ్గర నా ఇంజన్ 3,300 చుట్టూ తిరుగుతుంటే ఆయనది 2,400 దగ్గరే ఉంది. అంత పెద్ద టర్బో ఆ ఆర్‌పీఎంలో ఇంకా నిద్ర కూడా లేవదు. ఆయన కారుని మూడో గేరులో కొలిచి ఉంటే ఇంజన్ తన జాగాలో ఉండేది, నా స్కైలైన్ ఏమయ్యేదో చెప్పలేను. ఇంజన్ దండగ కాదురా. కొలిచినదాన్ని నేను దండగ.

నాలుగో గేరు అనేది పేరు. కిట్టూ అని ఎంతమందిని పిలవరు? గేరు నిష్పత్తిని ఫైనల్‌తో గుణించి, ఆ అంకె మొదటి గడిలో రాయి. దాని పక్కనే, మొదలెట్టే వేగం దగ్గర ఆర్‌పీఎం ఎంతో రాయి. ఈ రెండు గడులు లేని పట్టిక నాకు పంపకు, చూడను. మన కార్ల పత్రికలు మూడో గేరులో 20 నుంచి 80, నాలుగో గేరులో 40 నుంచి 100 అని వేస్తాయి కదా అంటావు. అది కొనుక్కునేవాడి కోసం. అతను కంపెనీ ఇచ్చిన గేర్లతోనే బతకాలి. నువ్వు ట్యూన్ చేసిన కార్లు పోలుస్తున్నావు, గేర్లు నీ చేతిలో ఉన్నాయి. గేర్లు కూడా ట్యూనింగ్‌లో భాగమే అనుకుంటే అలాగే కొలువు, కానీ గెలిచింది ఇంజనా, గేరా అన్నది చెప్పు. ఇంజన్ల మధ్య పోటీ కావాలంటే రెండింటికీ ఒకే మొత్తం నిష్పత్తి పెట్టి చూడు.

కొలవడం గురించి ఒక్క మాట. వీడియో సెకనుకు 60 ఫ్రేములు కదా అని మూడో దశాంశం దాకా రాయాలని నీ చెయ్యి దురదపెడుతుంది. తెర మీద వేగం పూర్తి అంకెల్లోనే కనిపిస్తుంది. 80 నుంచి 120కి 4 సెకన్లు పట్టే కారు ఒక్క కిలోమీటరు పెరగడానికి పదో వంతు సెకను తీసుకుంటుంది. ఆ లోపల ఎక్కడున్నావో తెర చెప్పదు. కాబట్టి 4.017, 4.052 అని రెండు కార్లకి మొదటి బహుమతి, రెండో బహుమతి ఇవ్వకు, నవ్వుతారు. అయిదుసార్లు చేసి మధ్యలో వచ్చిన అంకె తీసుకో. ఇంకా ఓపిక ఉంటే, ఆ ఆట వేగం, ఆర్‌పీఎం, గేరు వివరాల్ని ఇంటి నెట్‌వర్క్‌లోకి సెకనుకు 60 సార్లు పంపుతుంది, ల్యాప్‌టాప్‌లో పట్టుకునే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. నాకు నోట్‌బుక్కే ఇష్టం, అది వేరే సంగతి. యాక్సిలరేటర్ 80 దగ్గర తొక్కుతున్నావా, 70 దగ్గరే తొక్కి 80 నుంచి లెక్కపెడుతున్నావా అన్నది ముందే తేల్చుకో. మొదటి పద్ధతిలో టర్బో ఆలస్యం లెక్కలోకి వస్తుంది, రెండో దాంట్లో చాలావరకు తప్పించుకుంటుంది. రెండూ మంచివే, కలపకు.

నాకు టెన్షన్ ఎక్కడంటే, నీ వీడియో చూసి ఎవడో ఓ పిల్లాడు నెలరోజులు కష్టపడి కట్టుకున్న కారు అమ్మేస్తాడు. నీకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. "ఇది చెత్త" అనే ముందు ఆయిల్ చూశావా, ఫైనల్ చూశావా అని ఒక్కసారి అడుక్కో. చదువు సంగతి నేను ఎత్తలేదు, గమనించావా? పరీక్షలయ్యాక మొదలెట్టు. అక్కకి అలాగే చెప్పాను, నా పరువు తియ్యకు.

మొదటి వీడియోకి ఏ కార్లు తీసుకోవాలో నేను చెప్తాను. ఈ ఆటలో 97 నాటి సుప్రా ఆర్‌జెడ్ ఉంది, ఆర్33 స్కైలైన్ కూడా ఉంది. రెండూ కొను, డబ్బులు చాలకపోతే ఇంకో నాలుగు రేసులు గెలువు. సుప్రాకి పెద్ద టర్బో వెయ్యి. ఫైనల్ మాత్రం 2.9 పెట్టకు. ఆదివారం మీ నాన్నని పక్కన కూర్చోబెట్టి, కంట్రోలర్ ఆయన చేతికివ్వు. అద్దాలు మర్చిపోతారు, తెచ్చిపెట్టు. ఈ కార్లే ఎందుకురా అని అడిగితే, పిన్ని చెప్పింది అను చాలు. మిగతాది సంక్రాంతికి వచ్చినప్పుడు నేనే చెప్పుకుంటాను. నోట్‌బుక్ కూడా తెస్తున్నాను.

మీ పిన్ని