పాత ట్రంపెటా, కొత్తదా?

పాఠశాల బ్యాండ్‌లో చేరిన మీ పదకొండేళ్ల అమ్మాయికి ఆన్‌లైన్‌లో చవకగా దొరికే ఎర్రరంగు ట్రంపెట్ కొనాలా, తెలిసినవారు అమ్ముతున్న పాత యమహా తీసుకోవాలా అని అడిగారు కదా. పాతదే తీసుకోండి. చవకరకం వాల్వులు, అంటే వేళ్లతో నొక్కే మీటలు, తొందరగా పట్టేస్తాయి. తప్పు వాయిద్యానిదైతే, తనకే రావడం లేదని పిల్ల బాధపడుతుంది. అది నాకు సుతరామూ ఇష్టం లేదు.

డబ్బు ఇచ్చేముందు వాల్వులు నొక్కి వదలండి. మూడూ తడబడకుండా పైకి లేవాలి. తర్వాత రెండో వాల్వు నొక్కకుండా దాని చిన్న స్లైడును, అంటే బయటికి జరిగే గొట్టాన్ని, మెల్లగా లాగండి. 'టప్' మని చప్పుడు వస్తే గాలి కారడం లేదన్నమాట. పెదవులకు ఆనించి ఊదే మౌత్‌పీస్ దిగే గొట్టాన్ని వెలుతురులో చూడండి. గులాబీరంగు మచ్చలుంటే వదిలేయండి, ఇత్తడిలోని జింకు పోయి లోపలినుంచి తినేస్తోందని అర్థం. చిన్న సొట్టలకు భయపడకండి.

బీ ఫ్లాట్ శ్రుతిలో పలికే ట్రంపెట్టే కావాలి. మౌత్‌పీస్ 7సీ సైజుది చాలు. చెన్నైలోనే ఉన్నారు కాబట్టి అన్నాసాలైలోని మ్యూసీ మ్యూజికల్‌కు కూడా ఒకసారి వెళ్లండి, 1842 నాటి దుకాణం. అమ్మాయిని తప్పక తీసుకెళ్లండి. చేతిలో బరువు ఆనేది తనకే. వాల్వు ఆయిల్ మరిచిపోవద్దు.