చచ్చే కోళ్లను సంతకు తీసుకెళ్లొద్దు, కొంగల మీద నింద వేయొద్దు

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. పెరట్లో 40 దాకా నాటుకోళ్లు, డజను బాతులు, రెండు ఆవులు ఉన్నాయి. మూడు రోజుల్లో ఆరు కోళ్లు పోయాయి. ఆకుపచ్చగా పారుకున్నాయి, రెండింటికి మెడ తిరిగిపోయింది. బాతులు మాత్రం హుషారుగానే ఉన్నాయి. తేలినీలాపురం పిట్టలు తెచ్చిన బర్డ్ ఫ్లూ అని ఊళ్లో అంటున్నారు. చెరువు గట్టున పందులు మేపేవాళ్లూ ఉన్నారు. ఈ వైరస్ మారిపోయి అమెరికాలో ఆవులకు కూడా వచ్చిందట, నిజమేనా? మిగిలిన కోళ్లను వారపు సంతలో అమ్మేయమంటారా?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అమ్మకండి. సంతకే కాదు, గుమ్మంలోకి వచ్చే మారుబేరగాడికీ ఇవ్వకండి, చుట్టాలకూ పంపకండి. ఇది ఏ జబ్బయినా ఊరు దాటించేది ఆ గంపే.

మెడ మెలితిరగడం, ఆకుపచ్చ పారుడు చూస్తే నా అనుమానం ముందు కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) మీదికే పోతోంది. టీకా వేయని పెరటికోళ్లలో తరచుగా కనపడేది అదే. కానీ బర్డ్ ఫ్లూలోనూ ఈ రెండు లక్షణాలూ ఉంటాయి. దానికి తోడు జుట్టు, తమ్మెలు నీలంగా మారడం, ముఖం వాయడం, కాళ్ల పొలుసుల కింద నెత్తురు చిమ్మినట్టు ఎర్రటి మచ్చలు రావడం, రాత్రి మేత తిన్న కోడి తెల్లారేసరికి పడి ఉండడం చూస్తే అనుమానం బలపడుతుంది. ఇవి ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఏమైనా కంటితో తేల్చే వ్యవహారం కాదిది. గొంతులోంచి, రెట్ట దారిలోంచి తీసిన నమూనాలను భోపాల్‌లోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల సంస్థలో పరీక్షిస్తేనే బర్డ్ ఫ్లూ అవునో కాదో ఖాయమవుతుంది. ఈ రోజే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా మీ రైతు సేవా కేంద్రంలో చెప్పండి. లోపల ఏముందో చూద్దామని చచ్చిన కోడిని మాత్రం కోయకండి.

బాతులు బాగున్నాయి కదా అని ధీమా పడకండి. బర్డ్ ఫ్లూ వైరస్‌లకు సహజమైన ఇల్లు నీటిపక్షుల పేగులే. చాలాసార్లు బాతుకు ఏమీ కాదు, కానీ రెట్టలో రోజుల తరబడి వైరస్ పోతూనే ఉంటుంది. ఆ రెట్ట చెరువులో పడితే, చలికాలపు నీళ్లలో అది చాలాకాలం చావదు. అదే నీరు కోళ్ల తొట్టిలోకి వస్తే ఇక చెప్పేదేముంది?

తేలినీలాపురం పక్షుల విషయానికొస్తే, సైబీరియా నుంచి వస్తాయని మనం ముచ్చటగా చెప్పుకుంటాం గానీ, అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దక్షిణాసియా పక్షులే. వాటికి ఫ్లూ సోకదని అనను. అయితే ఖండాలు దాటి వైరస్‌ను మోయడంలో ముందుండేవి అడవిబాతులు, అవి శీతాకాలంలో చిలికాకూ మన చెరువులకూ వస్తాయి. అది కూడా సగం కథే. ఒక ఊళ్లో దిగిన వైరస్ పక్క ఊరికి ఎక్కువగా మనుషుల చేతుల మీదుగానే వెళుతుంది. కోళ్ల బోనులు, గుడ్ల అట్టలు, వ్యాను చక్రాలు, చెప్పులు, పందెం నుంచి తిరిగొచ్చిన పుంజు, ఇవన్నీ దానికి దారులే. మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. చెట్ల మీది కొంగలను తరిమితే ఇది ఆగదు, పైగా కలవరపడి మరిన్ని ఊళ్లకు చెదురుతాయి.

ఇక మారడం గురించి. ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఒకే పోగు కాదు, ఎనిమిది ముక్కలు. తన నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు కాబట్టి తరం తరానికీ కొంచెం కొంచెం మారుతుంది. పెద్ద మార్పు ఇంకో రకంగా వస్తుంది. ఒకే జంతువులో, ఒకే కణంలోకి రెండు రకాల ఫ్లూలు దూరితే ముక్కలు తారుమారవుతాయి. ఒకే కళ్లంలో స్వర్ణ, శ్రీకాకుళం సన్నాలు ఒకేసారి నూర్చితే బస్తాలో ఏది ఎంత పడిందో తెలియనట్టే, బయటికొచ్చే కొత్త వైరస్ ఎవరి ముక్కలు ఎన్ని తెచ్చుకుందో ముందు చెప్పలేం. మీ గట్టున పందులున్నాయని రాశారు, ఆ మాట మంచిది. పంది శ్వాసనాళంలో పక్షి ఫ్లూ అంటుకునే తాళాలూ, మనిషి ఫ్లూ అంటుకునే తాళాలూ రెండూ ఉంటాయి. 2009లో ప్రపంచమంతా తిరిగిన హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) అలా పందుల్లో రెండు ఖండాల వంశాలు కలిసి పుట్టిందే. అందుకే పందులూ బాతులూ ఒకే నీట మునగకుండా చూడమని వాళ్లకు చెప్పండి. చచ్చిన కోళ్లను పందులకు వేయనివ్వకండి. జలుబు జ్వరం ఉన్నవాళ్లు పందుల దగ్గరికి పోకపోవడం మేలు, మన ఫ్లూ వాటికీ అంటుతుంది.

ఆవుల సంగతి నిజమే. 2024 మార్చిలో అమెరికాలోని టెక్సాస్, కాన్సస్ డెయిరీల్లో హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ బయటపడింది. అది పొదుగులో పెరిగి, పాలలోకి వచ్చింది. పాలు తగ్గిపోయి చిక్కగా పసుపుపచ్చగా మారాయి. పాలు పితికే యంత్రాలు, రవాణా చేసిన ఆవుల ద్వారా ఇతర మందలకు పాకింది. ఆ పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి. మీ రెండు ఆవుల గురించి ఇప్పుడు దిగులు పడక్కర్లేదు. కోళ్లను ముట్టిన చేత్తో పొదుగు ముట్టకండి, పాలు కాచి తాగండి. గుడ్డు, మాంసం లోపలిదాకా 70 డిగ్రీలు దాటేలా ఉడికితే వైరస్ ఉండదు.

డాక్టరు వచ్చేలోపు కోళ్లను ఒక చోట, బాతులను వేరే చోట మూసి ఉంచండి, తొట్టిలో బోరు నీళ్లు పోయండి. ముక్కూ నోరూ కట్టుకుని, చేతులకు కవరు తొడుక్కుని, తాజాగా చచ్చిన కోడిని రెండు సంచుల్లో మూటగట్టి నమూనాకు అట్టేపెట్టండి. మిగతావి కుక్క తవ్వలేనంత లోతు గోతిలో సున్నం చల్లి పూడ్చండి. కొవ్వు పొర ఉన్న వైరస్ కాబట్టి మామూలు సబ్బుకే చస్తుంది, ఆ సబ్బు వాడడమే మనవాళ్లకు బద్ధకం.

కోళ్లన్నిటినీ చంపేస్తారనే భయంతో చాలామంది దాస్తారు. బర్డ్ ఫ్లూ అని తేలితే కిలోమీటరు పరిధిలో కోళ్లను తొలగిస్తారు, నిజమే. అలా తొలగించిన వాటికి పరిహారం ఇస్తారు, ముందే చచ్చినవాటికి కాదు. కాబట్టి దాచడం వల్ల మీకే నష్టం. కొక్కెర అని తేలితే మిగిలిన వాటికి ఏం చేయాలో డాక్టరు చెబుతారు. కొత్తగా తెచ్చే పిల్లలకు మాత్రం కొక్కెర రాకుండా మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా సూది తప్పనిసరిగా వేయించండి. సూదికి వారం ముందు నట్టల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది.