బొటనవేలి పట్టీ గురించి పెద్దమ్మ మాట

అమ్మాయ్,

బొటనవేలి నొప్పికని పట్టీ కట్టుకుని వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫోటో చూశాను. ముందు ఆ పట్టీ తీసి పక్కన పెట్టు. అది మణికట్టుకి కట్టేది, కార్పల్ టన్నెల్, అంటే మణికట్టులో నరం నొక్కుకుపోయే జబ్బు ఉన్నవాళ్లకి ఇస్తారు, నీ బొటనవేలు చూడు, దాంట్లోంచి బయటికొచ్చి ఇష్టమొచ్చినట్టు ఊగుతోంది. నీకు నొప్పి బొటనవేలి మొదట్లో, అది మణికట్టుతో కలిసేచోట, నాకులాగే ఆ కీలు అరిగినట్టుంది. ఆ కీలుని కదలకుండా పట్టనిది ఏది కట్టినా చెమటే మిగులుతుంది.

ముప్పై ఏళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టాను కదా, కత్తెర పట్టిన చెయ్యే నాకు ముందు మొరాయించింది. వేలి కొసల మధ్య కిలో బలంతో ఏదైనా గట్టిగా నొక్కి పట్టుకుంటే మొదట్లో ఉన్న కీలు మీద దాదాపు 12 కిలోలు పడుతుందని అప్పుడు థెరపిస్ట్ చెబితే నేను నమ్మలేదు. పాల ప్యాకెట్ మూల చించడం, మిక్సీ జార్ మూత తిప్పడం, పట్టకారుతో గిన్నె దించడం, తడి బట్టలు పిండడం, రోజంతా మనం చేసేది ఇదే. పైగా నెలసరి ఆగే వయసులో ఆడవాళ్లకి ఈ కీలు అరగడం ఎక్కువట.

కోఠి సర్జికల్ షాపుల్లో మెత్తటి నియోప్రీన్ (రబ్బరులా సాగే గుడ్డ) పట్టీ అడుగు, బొటనవేలికి వేరేగా తొడుగు ఉన్నది. ఇంటి పనికి అది చాలు. నొప్పి గట్టిగా ఉంటే మాత్రం చేతి స్ప్లింట్లు, అంటే కీలు కదలకుండా పట్టే గట్టి తొడుగులు చేసే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లు. ప్లాస్టిక్ ముక్కని వేడి నీళ్లలో వేసి, మెత్తబడ్డాక నీ చేతి మీదే పరిచి అచ్చు తీస్తారు, అది చల్లారి గట్టిపడేవరకూ గ్లాసు పట్టుకున్నట్టు వేళ్లు గుండ్రంగా పెట్టి కూర్చోవాలి. అయ్యాక అక్కడే పరీక్ష చెయ్యి: బొటనవేలి పై కణుపు వంగాలి, దాని కొస చూపుడువేలి కొసని తాకాలి, మణికట్టు తిరగాలి. తీశాక ఎర్రటి గుర్తు అరగంటలో పోకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, మొహమాటపడకుండా మళ్లీ సరిచేయించుకో.

నా మొదటి స్ప్లింట్‌ని మే నెలలో స్కూటీ డిక్కీలో పెట్టి మర్చిపోయాను. సాయంత్రం తీస్తే వేయించిన అప్పడంలా వంకరపోయి ఉంది, డబ్బు దండగ. కడగాలన్నా గోరువెచ్చని నీళ్లు, సబ్బు, నీడలో ఆరబెట్టడం, అంతే.

ఇంకో తప్పు కూడా చేశాను, అది ఇంతకంటే పెద్దది. త్వరగా తగ్గాలని రెండు నెలలు రాత్రీ పగలూ తియ్యలేదు. నొప్పి తగ్గింది కానీ వేలు కొయ్యబారి జాకెట్ హుక్కు పెట్టుకోవడం కూడా రాలేదు. పట్టీ అరిగిన కీలుని బాగుచెయ్యదమ్మా, పని చేసేటప్పుడు దాన్ని కాస్తుంది. వంటకి, బట్టలకి వేసుకో, టీవీ ముందు తీసెయ్. తీసినప్పుడు బొటనవేలిని అరచేతికి దూరంగా మెల్లగా తెరిచి మూస్తూ ఉండు, నొప్పి పుట్టేదాకా లాగకు. నిద్రలో లాగుతుంటే రాత్రి కూడా కట్టుకో, కానీ వారానికే విసుక్కుని అటక మీద పడెయ్యకు. 2009లో ఫ్రాన్స్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో రాత్రిపూట కట్టుకున్నవాళ్లకి నెలకి తేడా ఏమీ తెలియలేదట, ఏడాది తిరిగేసరికి నొప్పి తగ్గిందట.

ఇదంతా ఎక్స్‌రే తీయించి డాక్టరుకి చూపించాకే. బొటనవేలు వంచినప్పుడు టక్కున ఇరుక్కున్నా, పొద్దున్నే వేళ్లన్నీ వాచి గంటసేపు బిగుసుకుపోతున్నా అది వేరే జబ్బు కావచ్చు, పట్టీతో కాలం గడపకు.

ఫోన్‌లో బొటనవేలితో టైప్ చెయ్యడం కూడా మానెయ్, మాట్లాడి పంపు, నేను వింటాను. ఆదివారం వస్తే నా స్ప్లింట్ చూపిస్తా, చూడ్డానికే సుమా, అది నా చేతి అచ్చు. గోంగూర కట్టలు తెచ్చేట్టయితే మాత్రం అల్లుడుగారిని కూడా తీసుకురా, ఆకు ఆయన గిల్లుతారు.

మీ పెద్దమ్మ